కూర్చోవడమా, పడిపోవడమా

నమోదు 1

దీని పేరు సందేహాల పుస్తకం. ఎనిమిది సెకన్ల వీడియో ముక్క చూసి ఏ గుర్తు పెట్టాలో తేలకపోతే, చివరికి ఏది పెట్టానో, ఎందుకు పెట్టానో ఇందులో చేత్తో రాయాలి. ఉద్యోగంలో చేరిన రోజే చెప్పారు. నాకు ముందున్నామె మూడున్నర నెలల్లో రెండు పేజీలు రాసింది. ఎవరూ చదవరని ఆమెకు త్వరగానే అర్థమై ఉంటుంది. నాకైతే ఎవరూ చదవని పుస్తకం అంటేనే రాయబుద్ధేస్తుంది. రోజంతా నోరు మూసుకుని చేసే పని మరి.

నా పేరు దేవమణి. పెదకొఠారు ఉప్పు మడుల కాపలా గదిలో నా సీటు. మడుల మీద అరవై నాలుగు స్తంభాలు, స్తంభానికో కెమెరా. వాటి వెనకాల ఉన్న యంత్రాన్ని కావలి అంటారు. మనిషి నడుస్తున్నాడా, ఉప్పు లాగుతున్నాడా, గంప ఎత్తుతున్నాడా అన్నది కావలి తనంతట తనే పోల్చుకుంటుంది. అనుమానం వస్తే ఆ ముక్క నాకు పంపుతుంది. ముక్క అయిపోయాక పదిహేను సెకన్లలో జవాబు చెప్పాలి. నేను 'పడిపోవడం' అని నొక్కినా, పడిపోయారని దానికే గట్టి నమ్మకం కుదిరినా సైరన్ మోగుతుంది. మడుల్లో ఉన్నవాళ్లంతా ఉప్పు లాగే పలకలు వదిలేసి చలవపాకలోకి వెళ్లాలి, పదిహేను నిమిషాలు అక్కడే ఉండాలి. పడ్డ మనిషి దగ్గరికి ఐసుబండి వస్తుంది. నేను చెప్పిన జవాబే కావలికి పాఠం కూడా. మళ్లీ అలాంటిది వస్తే నన్ను అడగకుండా తేల్చేస్తుంది.

ఈ కావలి ఎక్కడో చలిదేశంలో చదువుకుని వచ్చింది. అక్కడ జనం కుర్చీల్లో కూర్చుంటారు. మోకాళ్లు ముడుచుకుని నడుం నేలదాకా దిగితే ఆ మనిషి పడిపోయినట్టే దాని లెక్క. మనవాళ్లు మంచినీళ్లు తాగాలన్నా, చుట్ట కాల్చాలన్నా, ఊరికే ఆలోచించాలన్నా గొంతుక్కూర్చుంటారు. ఇవాళ పొద్దున పదకొండు సైరన్లు మోగాయి. ఒక్కరూ పడలేదు.

నమోదు 6

సందేహం ఏమీ లేదు, అయినా రాస్తున్నాను. ఇంట్లో తిట్లు తింటున్నాను మరి.

అక్కా నేనూ ఒకే ఇంట్లో ఉంటాం. మా అక్క మరియమ్మ ఆరో మడిలో ఉప్పు లాగుతుంది. ఎండలు ముదిరాక మడుల పని తెల్లవారుజామున నాలుగింటికి మొదలై తొమ్మిదిన్నరకు నల్లజెండా ఎగరేసేదాకా సాగుతోంది. చలవచొక్కా కూడా అంతవరకే పనిచేస్తుంది. జెండా లేచేలోపు ఉప్పు గుట్టలు పూర్తికాని మడివాళ్లు సాయంత్రం నాలుగింటికి మళ్లీ దిగాలి. అప్పటికి మడిలో నీళ్లు కాగుతూ ఉంటాయి, చొక్కా వట్టి గుడ్డ అయిపోతుంది. సైరన్లకు పోయిన పొద్దంతా సాయంత్రం ఎండలో తీర్చుకోవాలి.

ఆరు రోజులుగా అక్క సాయంత్రాలు కూడా దిగుతోంది. అరికాళ్లు పగిలిపోయాయి. కొబ్బరినూనె రాస్తుంటే అంది:

"నేను నీళ్లు తాగడానికి కూకున్నా. మీ మిసనోడు సచ్చిపోయానని కూత పెట్టాడు. బతికున్న మనిషిని రోజుకు రెండుసార్లు సంపుతున్నాడు గదే."

"దానికి తెలీదక్కా."

"నీకు తెలుసుగా. చెప్పు దానికి. జీతం తీసుకునేది దేనికంట?"

నమోదు 14

చెబుతున్నాను. మా అధికారి ఫణీంద్ర గారు ఒప్పుకున్నారు. తప్పుడు సైరన్ల మీద పైనుంచి ఆయనకూ తిట్లు పడుతున్నాయట. ఈ ఉప్పుతోనే బ్యాటరీలు తయారవుతాయి, ఆ బ్యాటరీలతోనే ఊళ్లు చల్లబడతాయి. గుట్టలు తగ్గితే ఎవరూ ఊరుకోరు.

మూడు రోజుల నుంచి మడుల్లోనే ఉన్నాను. ఉప్పు ముఠాకు పెద్ద నాంచారమ్మ. ఆమెను ఊరంతా పిన్నీ అంటుంది. అందర్నీ వరసగా కెమెరా ముందుకు తెచ్చి కూర్చోబెట్టింది. గొంతుక్కూర్చోవడంలో ఇన్ని రకాలుంటాయని నాకూ తెలియదు. పలక కర్రకు ఆనుకుని కూర్చునేవాళ్లు, మోకాళ్ల మీద తల పెట్టుకునేవాళ్లు, తువ్వాలు నెత్తిమీదకు లాక్కునేవాళ్లు, ఒక కాలు మడిచి ఒక కాలు నిలబెట్టేవాళ్లు. అక్క మొదట కూర్చుంది, చివర్లో మళ్లీ వచ్చి కూర్చుంది. ఇంకో రకం గుర్తొచ్చిందట.

ఒక సంగతి కావలికి చెప్పడానికి వీలుపడలేదు. మడుల్లో ఒక పద్ధతి ఉంది. కూర్చున్న మనిషిని ఎవరూ పలకరించరు. పక్కనుంచి పోతూ పేరెట్టి పిలవడం కూడా తప్పే. పిలిస్తే ఆ మనిషి విశ్రాంతిని లెక్కబెట్టినట్టు, 'ఇంకెంతసేపు' అని అడిగినట్టు. మేస్త్రీలు కొరడా పట్టుకున్న కాలం నుంచి వస్తోందని పిన్ని చెప్పింది. కూర్చున్నంతసేపు మనిషి తనకు తానే యజమాని, మిగతా పొద్దంతా ఎవరిదో. ఈ మర్యాద నాకు చాలా నచ్చింది.

నాలుగువేల ముక్కలకు 'కూర్చోవడం' అని గుర్తు పెట్టాను. మణికట్టు వాచిపోయింది.

నమోదు 31

పంతొమ్మిది రోజులుగా ఒక్క తప్పుడు సైరన్ లేదు. సాయంత్రం మడులు ఖాళీగా ఉంటున్నాయి. అక్క అరికాళ్లు మానుతున్నాయి. పిన్ని అరటాకులో చుట్టి వంజరం ముక్కలు పంపింది. బజార్లో నన్ను చూసి ఇద్దరు ముగ్గురు నవ్వారు. మా ఊళ్లో నన్ను చూసి జనం నవ్వడం చిన్నప్పుడు బావిలో పడ్డ తర్వాత ఇదే మొదటిసారి.

ఫణీంద్ర గారు నా వేగం కొలిచారు. ముక్కకు సగటున మూడు సెకన్లట. మిగతా ఉప్పు కొఠార్లలో తొమ్మిది. "మీ చూపు వేరు దేవమణి గారూ" అన్నారు. గర్వపడ్డాను. దాచుకోవడం దేనికి.

నమోదు 38

సమయం 8.12. రెండో మడి. కూర్చోవడమేనని కావలి నమ్మకం నూటికి యాభై ఎనిమిది. పొడుగాటి మనిషి, నీలం తువ్వాలు. పలక కర్రను రెండు చేతులా పట్టుకుని దాని వెంబడే కిందికి జారాడు, గొంతుక్కూర్చున్నాడు, నుదురు కర్రకు ఆనించాడు. ముక్క అక్కడితో అయిపోయింది. కూర్చోవడం అని నొక్కాను. మూడు సెకన్లు.

ఇది సందేహం కాదు. దిగిన తీరులో మొదట కొంచెం తూలాడేమో అనిపించింది, అందుకని రాసిపెడుతున్నాను.

నమోదు 39

ఆ పొడుగాటి మనిషి పేరు ఏసోబు. నల్లజెండా లేచాక అందరూ ఇళ్లకు బయల్దేరితే అతను లేవలేదు. గంటా పద్దెనిమిది నిమిషాలు అలాగే కర్రకు ఆనుకుని ఉన్నాడు. చుట్టూ తొమ్మిదిమంది పనిచేస్తూనే ఉన్నారు. అలిసిపోయాడు పాపం, కాసేపు కూర్చోనీ అనుకున్నారు. ఐసుబండి వచ్చేసరికి ఒంట్లో వేడి తప్ప ఇంకేం మిగల్లేదు.

ఆఫీసు కాగితంలో గుండెజబ్బు అని రాశారు. విశ్రాంతి సమయంలో సహజ మరణం. దానికి సాక్ష్యం కావలి రాసుకున్న వరస. 8.12 నుంచి 9.30 దాకా కూర్చోవడం, కూర్చోవడం, కూర్చోవడం. మొదటి గుర్తు నాది. మిగతావన్నీ నన్ను చూసి అది నేర్చుకున్నవి.

ఆ ముక్క ఇరవై సార్లు చూశాను. తూలింది నిజం. నేనప్పుడే చూశాను కూడా. చూసి, నాకు తెలిసిన బొమ్మలోకి సర్దేసుకున్నాను.

నమోదు 43

ఫణీంద్ర గారి గదికి వెళ్లి గుర్తు మార్చాలన్నాను. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట రాసితీరాలి. కుర్చీ చూపించారు, మజ్జిగ తెప్పించారు.

"ఒక్కళ్లు అంటే మార్చడానికి లేదమ్మా. ముగ్గురు చూడాలి. ఇద్దరు పడిపోవడం అంటే మారుస్తాను."

నాతోపాటు పనిచేసే ఇద్దరికి ముక్క చూపించారు. ఒకామె తండ్రి ఉప్పు లాగినవాడు, ఇంకొకతని తల్లి ఇప్పటికీ రెండో మడిలోనే ఉంది. ఇద్దరూ ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. "కూర్చున్నాడు కదండీ" అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఈ ఊళ్లో పుట్టిన ఎవరికి చూపించినా అదే చెబుతారు. ఆ చలిదేశం వాళ్లకు చూపిస్తే మాత్రం 'పడిపోయాడు' అని అరిచి ఉండేవాళ్లు. ఏమీ తెలియని వాళ్లకు కనబడేది మాకు కనబడలేదు.

"పోనీ ముక్క ఎనిమిది సెకన్లు కాకుండా నిమిషం పంపమనండి. తొమ్మిదో సెకనులో ఏం చేశాడో చూస్తే తేలుతుంది" అన్నాను.

"అరవై నాలుగు స్తంభాలమ్మా. అన్ని నిమిషాలు ఎవరు చూస్తారు?"

నేను చూస్తానన్నాను. ఆయన మజ్జిగ గ్లాసు నా వైపు జరిపారు.

నమోదు 47

నాంచారమ్మ పిన్ని ఇంటికి వెళ్లాను. ఏసోబు ఆమె ముఠావాడే. ఆ గుర్తు పెట్టింది నేనే అని చెప్పాను. పిన్ని అంది:

"నేను ఆడి పక్క నించే పోయానమ్మే. రెండుసార్లు. మూరెడు దూరం. పలకరిద్దామనిపించింది. కూకున్నోణ్ణి పలకరిస్తే ఏమనుకుంటాడో అని పోయా. నీది ఎనిమిది సెకన్లే. నేను గంటసేపు సూశా గదా."

"ఇకనుంచి కూర్చున్నవాళ్లను ఒకసారి పిలిచి చూడమని అందరికీ చెప్పు పిన్నీ."

"సెప్పా. మూడు రోజులు పిలిచారు. నాలుగోరోజు ఒకడు, నన్ను లేపడానికి నువ్వెవడివిరా అని పలకెత్తాడు. మేస్త్రీలు కూడా అదను సూసి పిలవడం మొదలెట్టారు. ఇంక మానేశారు."

ఇంటికొచ్చి అక్కను అడిగాను, కూర్చున్నప్పుడు పక్కవాళ్లు పిలిస్తే పలుకుతావా అని.

"నేను కూకుంటే నన్ను దేవుడు కూడా పిలవకూడదు" అంది అక్క, అన్నం కలుపుకుంటూ.

అక్క రోజుకు ఆరేడుసార్లు కూర్చుంటుంది. అందులో ఏదో ఒకసారి లేవకపోతే కావలి లేపదు, మనుషులూ లేపరు.

నమోదు 52

సమయం 8.26. ఆరో మడి. కావలి నమ్మకం అరవై ఒకటి. ఆకుపచ్చ చీర, దానిమీద బూడిదరంగు చలవచొక్కా. మా అక్క.

నడుస్తూ ఆగింది. పలక కర్ర కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మారింది. మెల్లగా దిగింది. తల మోకాళ్ల మీదకు వాల్చింది. ముక్క అయిపోయింది.

ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ మనిషిని చూస్తున్నాను. నిద్రలో దగ్గితే అది ఏ దగ్గో చెప్పగలను. ఆ ఎనిమిది సెకన్లలో మా అక్క కూర్చుందో పడిపోయిందో నాకు తెలియలేదు. మళ్లీ చూశాను. పదకొండు సెకన్లు అయిపోయాయి. పడిపోవడం అని నొక్కాను.

సైరన్ మోగింది. నెలన్నర తర్వాత మోగింది. ఆరో మడి తెర పెద్దది చేసుకుని చూస్తూ కూర్చున్నాను. అక్క తల ఎత్తింది. కెమెరా వైపు చూసి చెయ్యి విసిరి ఏదో అంది. ఏమన్నదో వినబడకపోయినా నాకు తెలుసు. లేచి, చీర దులుపుకుని చలవపాక వైపు నడిచింది. ఏడుపొచ్చింది. తిట్టుకుంటూ నడిచిపోతున్న అక్కను అంత ఇష్టంగా ఎప్పుడూ చూడలేదు.

అన్ని మడుల్లో జనం లేచి నడుస్తున్నారు. ఎక్కడికక్కడ కూర్చున్నవాళ్లు కూడా లేచారు. మూడో మడి గట్టు మీద మాత్రం ఒక మనిషి అలాగే ఉంది. తువ్వాలు నెత్తిమీదకు లాక్కుని, గొంతుక్కూర్చుని. అందరూ ఆమెను దాటుకుని పోయారు. కాసేపటికి ఒకామె ఆగి వెనక్కి చూసింది. సైరన్ మోగాక కూడా కూర్చుని ఉండే హక్కు మడుల్లో ఎవరికీ లేదు. వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. ఆ మనిషి పక్కకు ఒరిగిపోయింది.

నాంచారమ్మ పిన్ని. ఐసుబండిని ఆరో మడి నుంచి మూడో మడికి నేనే తిప్పించాను.

తర్వాత వరస తీసి చూశాను. 8.09 నుంచి ఆమె అలాగే ఉంది. కావలి తొంభై ఏడు నమ్మకంతో కూర్చోవడం అని రాసుకుంది. అంత నమ్మకం ఉంది గనక నన్ను అడగనే లేదు.

నమోదు 55

పిన్ని ఇవాళ కళ్లు తెరిచింది. మాట కొంచెం ముద్దగా వస్తోంది, తగ్గుతుందట. ఇంకో పావుగంట ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు అన్నారు. అక్కను చూసి పొరపాటున మోగిన సైరన్ అని ఊరంతా అనుకుంటోంది, దేవుడి దయ అంటోంది.

నేను పాత వరసలన్నీ తీశాను. కావలి వచ్చిన మొదటి నాలుగు నెలలు, రోజుకు పదీ పదకొండు తప్పుడు సైరన్లు మోగిన నెలలు. ఆ నాలుగు నెలల్లో మడుల్లో ఎండదెబ్బకు ఒక్కరు కూడా చనిపోలేదు. పద్నాలుగుమందిని మాత్రం ఆస్పత్రికి పంపారు. వాళ్లలో కావలి చూసి పట్టుకున్నది ముగ్గురినే. మిగతా పదకొండుమందీ వేరే ఎవరో కూర్చుంటే మోగిన సైరన్‌కు లేవలేక దొరికిపోయినవాళ్లు.

అప్పుడు కావలి మొద్దు. అరగంటకోసారి తప్పు చేసేది. ఆ తప్పుకు కూర్చున్న ప్రతి మనిషీ తిట్టుకుంటూ లేవాల్సి వచ్చేది. లేవనివాళ్లు బయటపడేవాళ్లు. మా మర్యాదను పట్టించుకోనిది అదొక్కటే. దానికి నేను మర్యాద నేర్పాను.

ఇదంతా ఫణీంద్ర గారికి చెప్పాను. కాగితం మీద గీతలు గీసి మరీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"అంటే తప్పుడు సైరన్ కావాలని మోగించమని రాయమంటారా నన్ను? అలా రాస్తే పైవాళ్లు మనిద్దర్నీ ఏమంటారో ఆలోచించండి. మీ అక్కగారి విషయంలో మీరిచ్చిన జవాబు తప్పుల్లో రాశారు. ఇంకో రెండు తప్పులు పడితే సీటు మారుస్తారు. అలిసిపోయి ఉంటారు, రెండు రోజులు సెలవు తీసుకోండి."

సెలవు తీసుకోలేదు.

నమోదు 56

అక్కను కదిపి చూశాను. నా సంగతని చెప్పకుండా, వంకరగా అడిగాను. సైరన్ ఉత్తుత్తిదే అని ముందే తెలిస్తే లేస్తావా అని.

"ఉత్తుత్తిదైతే ఎందుకు లేస్తా? నాకేం పనిలేదా?"

"అందరూ అంతేనా?"

"మరి. నిజమేమో అనే గదా లేచేది."

అంతే, దారి మూసుకుపోయింది. ఎవరికీ చెప్పలేను. పిన్నికి చెప్పలేను, అక్కకు చెప్పలేను. తెలిస్తే లేవరు. లేవనివాళ్లలో ఎవరు లేవలేనివాళ్లో మళ్లీ తెలియదు.

రోజుకు ఒక ఉత్తుత్తి సైరన్ అయితే గుట్టలు ఎలాగో అందుతాయి. రెండు అయితే వారానికి రెండు మూడు సాయంత్రాలు దిగాలి. ఎనిమిది దాటాక ఒక్కటి చాలు, అప్పుడే ఎక్కువమంది కూలబడతారు. అయితే కావలి ఊరుకోదు. నేను చెప్పే ప్రతి జవాబూ దానికి పాఠమే. నా అబద్ధాలు తిని అది మెల్లగా పాత మొద్దుతనంలోకి పోతుంది. కొన్నాళ్లకు అదే పది మోగిస్తుంది. అప్పుడు అక్క అరికాళ్లు మళ్లీ పగులుతాయి. ఎక్కడ ఆపాలో నాకు తెలియదు, ఆపడం నా చేతిలో ఉంటుందో లేదో కూడా తెలియదు. భయంగా ఉంది. అయినా ఏసోబు కర్ర వెంబడి జారడం రోజూ కనబడుతోంది.

నమోదు 61

ఐదు రోజులుగా మోగిస్తున్నాను. మూడు తప్పులు ఎప్పుడో దాటాయి. ఈ సీటు ఈ వారంతో సరి, సోమవారం కొత్త మనిషి వస్తున్నాడట. బజార్లో ఎవరూ నవ్వడం లేదు. చేపలమ్మే ఆమె నాకు చిల్లర చేతికివ్వకుండా తట్టమీద పెట్టింది. రాత్రి అన్నం దగ్గర అక్క అంది, "నీ కళ్లు పోయినయ్యే మణీ. ఊరు నన్ను నిలదీస్తోంది. నేను కూకోడం నీకు తెలీదంటే ఎవురైనా నమ్ముతారా?"

"నిజంగానే తెలియలేదక్కా" అన్నాను.

ఇవాళ సమయం 8.31. ఆరో మడి. కావలి నమ్మకం డెబ్భై మూడు. ఆకుపచ్చ చీర. కర్ర పక్కన పెట్టి, పైట బిగించుకుని, కొంగుతో మొహం తుడుచుకుని కూర్చుంది. కూర్చోవడమే. పసిపిల్లను అడిగినా చెబుతుంది.

పెట్టిన గుర్తు: పడిపోవడం.

ఎందుకు పెట్టాను: ఆరు మడుల్లో ఆ సమయానికి పదిహేడుమంది కూర్చుని ఉన్నారు. పదిహేడుమందీ లేచారు.